పాతకాలపు మోటారు వాహనాల పునరుద్ధరణ (హైదరాబాదు)

పాతకాలపు మోటారు వాహనాల పునరుద్ధరణ అనగా వాడుక నుండి తప్పుకున్న కార్లు, జీపులు, లారీలు, బస్సులు మొదలగు వాటిని విడదీసి, బాగుచేసి, సాధ్యమైనంతవరకు అవి తయారైననాటి స్థితికి తీసుకువచ్చే పని. ప్రపంచమంతటా ఇది జీవనోపాధిగా కంటె తీరిక వేళల వ్యాపకంగానే ఎక్కువగా సాగుతున్నది. ఈ వ్యాపకానికి కావలసిన వస్తువులు, పనివాళ్ళు హైదరాబాదు నగరంలోను, నగరానికి దక్షిణాన ఆరాంఘర్, కాటేదాన్, శంషాబాదు వరకు ఉన్న ప్రాంతంలోను చాలావరకు లభిస్తారు. నిజాం పాలకుల కార్లు, 1932 నాటి రోడ్డు రవాణా శాఖ బస్సులు, బెంగుళూరు రహదారి వెంట పెరిగిన లారీల వ్యాపారం - ఈ మూడింటి మూలంగా ఇక్కడి మోటారు చరిత్ర దక్కనులోని ఇతర నగరాల కంటె భిన్నమైనది.

పేర్లు, వర్గీకరణ

పాత కారు ఏదైనా వాడుకలో "వింటేజి కారు" అనిపించుకుంటుంది గాని, అభిరుచిపరుల లెక్క వేరు. పాత వాహనాల క్లబ్బుల అంతర్జాతీయ సమాఖ్య ఫివా (1966లో ఏర్పడినది) కనీసం 30 ఏళ్ళు నిండి, రోజువారీ రవాణాకు వాడకుండా, చారిత్రకంగా సరైన స్థితిలో కాపాడబడుతున్న వాహనాన్ని చారిత్రక వాహనంగా పరిగణిస్తుంది. ఆ సమాఖ్య పద్ధతిలో 1904 చివరి వరకు తయారైనవి "ఏన్సెస్టర్", 1905 నుండి 1918 వరకు "వెటరన్", 1919 నుండి 1930 వరకు "వింటేజి", 1931 నుండి 1945 వరకు "పోస్ట్ వింటేజి" తరగతులకు చెందుతాయి. ఈ లెక్కన 1960ల నాటి అంబాసిడరు, ఫియట్ కార్లు వింటేజి కావు, "క్లాసిక్" అని పిలువబడతాయి. భారత ప్రభుత్వం 2021లో ఇచ్చిన నిర్వచనం ఈ రెండింటితోను సరిపోలదు. దానిని గురించి దిగువ "చట్టము, రిజిస్ట్రేషను" విభాగంలో చూడవచ్చును.

నిజాముల కార్లు

హైదరాబాదులో పాత కార్ల ప్రస్తావన వస్తే ముందుగా చెప్పవలసినది చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న పసుపుపచ్చని రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్. దీనిని తెప్పించడానికి ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరు ఇచ్చాడు. కారు చేతికి రాకముందే, 1911 ఆగస్టులో ఆయన మరణించాడు. అందువలన అది ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు చేరినది. లండనుకు చెందిన బార్కర్ సంస్థ దీని బాడీని కట్టినది. వెనుకభాగాన సింహాసనం వంటి ఎత్తైన ఆసనం ఉండుటచేత దీనికి "థ్రోన్ కార్" అనే పేరు వచ్చినది. పసుపు అసఫ్‌జాహీ వంశపు రంగు. ఆనాటి సిల్వర్ ఘోస్ట్‌లో ఆరు సిలిండర్ల, 7,428 సీసీల ఇంజను ఉండేది. ఊరేగింపులకు మాత్రమే వాడిన ఈ కారు దశాబ్దాల కాలంలో తిరిగినది 356 మైళ్ళేనని చెబుతారు.

తిరగకుండా ఉండుట కారుకు మేలు చేసినదని అనుకోవడం పొరపాటు. ఇంజను కదలనప్పుడు సిలిండరు గోడలమీది నూనె పొర ఆరిపోయి పిస్టను రింగులు తుప్పుతో అతుక్కుపోతాయి. రబ్బరు గొట్టాలు పెళుసుబారతాయి. సీట్లలోకి ఎలుకలు చేరతాయి. 1967లో ఏడవ నిజాం మరణించిన తరువాత, ఆయన మనుమడు ముకర్రం జా ఆస్ట్రేలియాకు వెళ్ళిపోగా, రాజభవనాలతోపాటు గ్యారేజీలలోని కార్లు కూడా ఇదే విధంగా పాడైనవి. యువరాణి ఎస్రా పూనికతో 2000 తరువాత చౌమహల్లా ప్యాలెస్ మరమ్మతులు జరిగి, 2005లో ప్రజల సందర్శనకు తెరవబడినది. 2010లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారాలలో ఈ భవనానికి గుర్తింపు లభించినది. కారు కూడా బాగుపడి ప్రదర్శనకు వచ్చినది.

నిజాముల కార్ల గురించి వ్యాపించిన కథలలో నమ్మదగనివి కూడా ఉన్నవి. రోల్స్ రాయిస్ కంపెనీ అవమానించినందుకు కోపించి ఆ కార్లతో చెత్త ఎత్తించారనే కథ వాటిలో ఒకటి. ఇదే కథను అల్వార్, భరత్‌పూర్, పటియాలా, హైదరాబాదు పాలకులలో ఎవరి పేరు మీద కావలిస్తే వారి పేరు మీద చెబుతారు. ఒకే సంఘటన ఇన్ని చోట్ల ఒకే తీరున జరిగి ఉండునని అనుకొనుట కష్టం.

ఆల్బియన్ బస్సు

చరిత్ర దృష్టితో చూస్తే రాజుగారి కారు కంటె సామాన్యులు ఎక్కిన బస్సు విలువ తక్కువేమీ కాదు. 1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైల్వేలో భాగంగా రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో మొదలైనది. 1958 జనవరి 11న ఏర్పడిన ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థకు, నేటి తెలంగాణ సంస్థకు ఇదే మూలం. ఆనాటి బస్సులు స్కాట్లాండులోని గ్లాస్గో నగరానికి చెందిన ఆల్బియన్ కంపెనీవి. 1899లో స్థాపించబడిన ఈ కంపెనీని 1951లో లేలాండ్ కొనుగోలు చేసినది.

ఆ తరానికి చెందిన ఒక ఆల్బియన్ బస్సు "డెక్కన్ క్వీన్" పేరుతో హైదరాబాదులో భద్రపరచబడి ఉన్నది. ఆర్టీసీ ప్రధాన కార్యాలయమైన బస్ భవన్‌కు వచ్చినవారు దీనిని చూసేవారు. దీని సంఖ్య హెచ్.వై.జెడ్. 223. ఆర్టీసీ బస్సుల నంబర్లలో కనిపించే "జెడ్" అక్షరం ఏడవ నిజాం తల్లి జహ్రా బేగం పేరు నుండి వచ్చినదని ఒక కథనం ప్రచారంలో ఉన్నది. కారణం ఏదైనప్పటికీ, ఆ అక్షరం ప్రభుత్వాలు మారినా, రాష్ట్రాలు మారినా బస్సు పలకల మీద కొనసాగుతూ వచ్చినది.

డబుల్ డెక్కర్ బస్సులకు ఇంతటి అదృష్టం పట్టలేదు. నగరంలో అవి 2003లో నిలిచిపోయినవి. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు మహానగర అభివృద్ధి సంస్థ ప్రవేశపెట్టినవి విద్యుత్తుతో నడిచే కొత్త బస్సులు మాత్రమే, పాతవాటికి మరమ్మతు చేసినవి కావు.

దేశంలో పాత కార్లు మిగలడానికి కారణం

1920లలో ఫోర్డ్, జనరల్ మోటార్స్ కంపెనీలు విడిభాగాలను దిగుమతి చేసుకొని భారతదేశంలో కార్లను కూర్చేవి. దేశంలోనే తయారీ జరగాలనే విధానం 1953లో అమలులోకి రాగా, ఆ కంపెనీలు దేశం విడిచి వెళ్ళిపోయినవి. తరువాత మూడు దశాబ్దాలపాటు కొనేవారికి మిగిలినవి ప్రధానంగా అంబాసిడరు, ఫియట్, స్టాండర్డ్ కార్లు. కొత్త కారుకు ఏళ్ళ తరబడి ఎదురుచూడవలసి వచ్చేది. ఉన్న కారునే ఏదో విధంగా నడిపించుకోవలసిన ఈ అవసరం నుండే మన మెకానిక్కుల నైపుణ్యం పుట్టినది. దొరకని భాగాన్ని లేత్ మిషను మీద తయారుచేయడం, ఒక బండి భాగాన్ని మరొక బండికి అమర్చడం వారికి నిత్యకృత్యమైనది.

అయితే ఈ నైపుణ్యమే నేటి పునరుద్ధరణకు చిక్కులు తెచ్చిపెట్టినది. 1970లలో పెట్రోలు ధర పెరిగినప్పుడు ఎందరో యజమానులు పెద్ద అమెరికను కార్లలోను, విల్లీస్ జీపులలోను అసలు పెట్రోలు ఇంజను తీసివేసి, మద్రాసులో తయారయ్యే పెర్కిన్స్ లేదా మాటడోర్ వ్యానుకు చెందిన డీజిలు ఇంజను బిగించుకున్నారు. అసలు ఇంజను తుక్కు కింద అమ్ముడుపోయినది. ఆ విధంగా బండి బ్రతికినది గాని, దాని పుట్టుక గుర్తు చెరిగిపోయినది.

లారీలు

పాత లారీల పునరుద్ధరణ కార్ల పనికంటె అరుదు. రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక సైన్యం వదిలించుకున్న షెవర్లే, ఫోర్డ్, డాడ్జ్ లారీలు "మిలిటరీ డిస్పోజల్స్" పేరుతో వేలంలో అమ్ముడై, ఊళ్ళ మధ్య సరుకులను, ప్రయాణికులను మోసినవి. ఆ తరువాత ప్రీమియర్ వారి డాడ్జ్, ఫార్గో లారీలు, హిందుస్తాన్ మోటార్స్ వారి బెడ్‌ఫోర్డ్, 1954 నుండి టాటా మెర్సిడెస్ బెంజ్, 1950లలోనే అశోక్ లేలాండ్ కామెట్ రోడ్లకెక్కినవి. టాటా, బెంజ్ కంపెనీల ఒప్పందం 1969లో ముగిసినది. అందువలన ముందుభాగాన మూడు కోణాల నక్షత్రం ఉన్న టాటా లారీ కనిపిస్తే అది ఆ పదిహేనేళ్ళ కాలానిదని పోల్చుకోవచ్చును.

లారీని "అసలు రూపానికి" తేవడంలో ఒక సమస్య ఉన్నది. ఆ కాలంలో కంపెనీ అమ్మినది చాసిస్, ఇంజను, ముందు ముఖం మాత్రమే. క్యాబిను, తొట్టి స్థానికంగా వడ్రంగులు, కమ్మరులు కట్టేవారు. వాటికి నమూనా చిత్రాలు ఉండేవి కావు. మేస్త్రీ మనసులోని కొలతలే ఆధారం. రంగులు, పూలు, పేర్లు పెయింటరు చేతిపని. క్యాబిను ఒకసారి విరిచివేసిన తరువాత దానిని తిరిగి కట్టడానికి మిగిలేవి పాత ఫోటోలు, వృద్ధుల జ్ఞాపకాలు మాత్రమే. బస్సుల విషయంలో పరిస్థితి కొంత మెరుగు. 1942లో ఏర్పడిన హైదరాబాద్ ఆల్విన్ కర్మాగారంలో బస్సు బాడీలు ఒక పద్ధతి ప్రకారం తయారయ్యేవి. రిఫ్రిజిరేటర్లు, చేతిగడియారాలతో పేరు పొందిన ఆ సంస్థ బస్సులు కూడా కట్టినదని నేటి యువతలో చాలామందికి తెలియదు.

శంషాబాదు ప్రాంతం

శంషాబాదు రంగారెడ్డి జిల్లాలోని మండల కేంద్రం. పైగా వంశపు ప్రభువుల బిరుదైన షంస్-ఉల్-ఉమ్రా నుండి ఈ పేరు వచ్చినది. పూర్వం 7వ నంబరు, ఇప్పుడు 44వ నంబరు జాతీయ రహదారి ఈ ఊరి మీదుగా బెంగుళూరుకు పోతుంది. లారీలు ఆగే చోట పంక్చరు దుకాణాలు, కమాను కట్టలు బాగుచేసేవారు, వెల్డింగు షెడ్లు ఉండుట సహజం. ఆరాంఘర్ కూడలి పక్కనే కాటేదాన్ పారిశ్రామికవాడలో లేత్ పని, పోతపోసే పని, నికెల్ పూత పని జరుగుతాయి. పాత వాహనం మీద పనిచేసేవారికి ఇవన్నీ దగ్గరలో ఉండడం పెద్ద సౌకర్యం.

సుమారు 5,500 ఎకరాలలో నిర్మించిన రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం 2008 మార్చి 23న ఇక్కడ పనిచేయడం ప్రారంభించినది. అదే ఏడాది నవంబరులో బాహ్య వలయ రహదారిలోని గచ్చిబౌలి - శంషాబాదు భాగం, 2009 అక్టోబరులో మెహదీపట్నం నుండి ఆరాంఘర్ వరకు 11.6 కిలోమీటర్ల పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే తెరవబడినవి. వీటితో భూముల ధరలు పెరిగినవి. నడవని లారీని ఏళ్ళ తరబడి నిలుపుకోవడానికి కావలసినది ముందుగా జాగా కాబట్టి, ధరల పెరుగుదల ఈ వ్యాపకానికి అనుకూలించినదని చెప్పలేము. వలయ రహదారి మీద వేగపరిమితి 2023లో గంటకు 120 కిలోమీటర్లకు పెరిగినది. గంటకు 50 కిలోమీటర్లు దాటలేని, బ్రేకులు నెమ్మదిగా పట్టే పాత బండిని పరీక్షించడానికి పక్కనున్న సర్వీసు రోడ్డే క్షేమం.

విడిభాగాలకోసం అభిరుచిపరులు సికింద్రాబాదు రాణీగంజ్ దుకాణాలను, భోలక్‌పూర్ తుక్కు సామాను మార్కెట్టును, ఆదివారంనాడు ఎర్రగడ్డ సంతను, గురువారంనాడు పాతబస్తీ జుమేరాత్ బజారును గాలిస్తారు. అక్కడ ఏది దొరుకుతుందో ముందుగా చెప్పడం ఎవరి తరమూ కాదు.

పని జరిగే తీరు

పునరుద్ధరణలో మొదటి పని విప్పడం కాదు, రాయడం. ప్రతి భాగాన్ని విప్పేముందు ఫోటో తీసి, చీటీ కట్టి, మరలను వేరువేరు డబ్బాలలో ఉంచాలి. ఈ పని విసుగు పుట్టిస్తుంది. కాని ఆదివారాలు మాత్రమే పనిచేసేవారికి ఒక కారు పూర్తికావడానికి అనేక సంవత్సరాలు పడుతుంది. ఈ లోపల ఏ మర ఎక్కడిదో మరచిపోవుట ఖాయం. సగం విప్పి వదిలేసిన కార్లలో చాలావాటికి ఈ అజాగ్రత్తే శాపం.

రెండవది పానాల సంగతి. బ్రిటిష్ వాహనాలకు విట్‌వర్త్ కొలత మరలు, అమెరికను వాటికి ఇంచి భిన్నాల మరలు, టాటా బెంజ్ లారీలకు మిల్లీమీటరు మరలు ఉంటాయి. విట్‌వర్త్ పానా మీద ఉండే అంకె నట్టు వెడల్పు కాదు, బోల్టు మందం. ఇది తెలియక, దాదాపుగా సరిపోయే పానాతో తిప్పితే నట్టు మూలలు అరిగిపోయి, చివరకు ఉలితో నరకవలసి వస్తుంది.

పట్టుకుపోయిన ఇంజనును లాగి లేదా తోసి కదల్చకూడదు. ప్లగ్గులు తీసి, సిలిండర్లలో పలుచని నూనె పోసి కొన్ని రోజులు నానబెట్టి, ఆ తరువాత చేతితో కొద్దికొద్దిగా ముందుకు వెనుకకు కదపాలి. గోడలు అరిగి ఉంటే, తెలుగునాట "బోరుకొచ్చింది" అనే మాటకు తగినట్లు, సిలిండరును పెద్దదిగా చెక్కించి పెద్ద పిస్టన్లు వేయాలి. పాత ఇంజన్లలో బేరింగులు విడిగా దొరికే ముక్కలు కావు. తగరం ప్రధానంగా, యాంటిమొని, రాగి కలిపిన వైట్ మెటల్‌ను కరిగించి పోసి, ఇరుసుకు సరిపోయే వరకు చేతితో గీకి సరిచేయాలి. ఈ పని వచ్చిన వృద్ధ మేస్త్రీలు తగ్గిపోతున్నారు. హైదరాబాదు షెడ్లలో "ఉస్తాద్" అని పిలువబడే పెద్ద మేస్త్రీ వద్ద పిల్లవాడిగా చేరి చూసి నేర్చుకున్న విద్య ఇది. పుస్తకంలో చదివి ఒంటపట్టించుకోవడం కష్టం. పునరుద్ధరణలో ఎక్కువగా నష్టమవుతున్నది ఇనుము కాదు, ఈ చేతిపనే అని చెప్పవచ్చును.

బ్రిటిష్ కార్ల బాడీ రేకు వెనుక యాష్ కర్ర చట్రం ఉంటుంది. చెదలు తిన్న చోట ఇక్కడివారు టేకు వాడతారు. టేకు గట్టిది, చెదలకు లొంగదు గాని, మేకును పట్టుకొనే తీరు, బరువు వేరు. రంగు విషయంలో ఆనాటి సెల్యులోజు రంగుకు బదులుగా నేటి మెరుపు రంగులు వేస్తే కారు కొత్త బొమ్మవలె కనబడుతుంది. చూసేవారికి నచ్చవచ్చును గాని, తెలిసినవారు మెచ్చరు.

ఇంజను నడవకముందే బ్రేకులు బాగుండాలి. ఉత్సాహంలో చాలామంది దీనిని తలక్రిందులు చేస్తారు. ఏళ్ళ తరబడి నిలిచిన కారులో బ్రేకు సిలిండర్ల రబ్బరు చెడి, తొక్కినప్పుడు పట్టినట్లే ఉండి, రెండవసారి వదిలేస్తుంది.

ఈ పనిలో ప్రాణాపాయం కలిగించేవి నాలుగు ఉన్నవి. ఖాళీ పెట్రోలు ట్యాంకులో మిగిలిన ఆవిరి వెల్డింగు మంటకు పేలుతుంది. పాత బ్రేకు లైనింగులలోని ఆస్బెస్టాస్ ధూళిని గాలి పంపుతో ఊదకూడదు, తడి గుడ్డతో తుడవాలి. తలుపులు మూసిన షెడ్డులో ఇంజను నడిపితే కార్బన్ మోనాక్సైడు వాసన లేకుండానే చంపుతుంది. లారీ పని చేసేవారికి అన్నిటికంటె ప్రమాదకరమైనది చక్రపు లాక్ రింగు. టైరును చక్రానికి పట్టి ఉంచే ఈ ఇనుప వలయం తుప్పుపట్టి గాడిలో సరిగా కూర్చోకపోతే, గాలి కొట్టేటప్పుడు తూటావలె ఎగిరివస్తుంది. పంక్చరు దుకాణాలలో మరణాలకు ఇది కారణమవుతున్నది. అందుచేత చక్రాన్ని ఇనుప బోనులో ఉంచి, దూరం నుండి గాలి కొట్టాలి.

ఎంతవరకు బాగుచేయాలి

ఫివా 2012లో ఆమోదించిన ట్యూరిన్ చార్టరు ప్రకారం ఉన్నదానిని ఉన్నట్లు కాపాడడానికే మొదటి ప్రాధాన్యం. కొత్తగా చేర్చిన భాగాలను గుర్తించే వీలుండాలి, చేసిన పనిని నమోదు చేయాలి. దీనికి భిన్నంగా, భారతదేశంలోని పోటీలలో మెరిసే కారుకే చప్పట్లు ఎక్కువ. అసలు తోలు సీటు చిరిగి ఉన్నా, రంగు వెలిసి ఉన్నా, ఆ బండి ఎప్పుడు ఎక్కడ తిరిగిందో చెప్పే సాక్ష్యం అదే. ఒకసారి గీకివేసిన రంగు తిరిగి రాదు. అయితే వాన, ఎండ రెండూ తీవ్రంగా ఉండే దక్కనులో తుప్పును అలాగే వదిలిపెట్టమనడం కూడా ఆచరణకు కుదరదు. ఈ రెండింటి మధ్య ఎక్కడ ఆగాలనేది ప్రతి బండికి విడిగా తేల్చుకోవలసిన సంగతి.

చట్టము, రిజిస్ట్రేషను

2021 జూలైలో కేంద్ర మోటారు వాహనాల నియమావళికి చేసిన సవరణ మొదటిసారిగా "వింటేజి మోటారు వాహనం" అనే తరగతిని సృష్టించినది. మొదటి రిజిస్ట్రేషను తేదీ నుండి 50 ఏళ్ళు దాటిన, సొంత వాడకానికి చెందిన ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలు దీనికి అర్హమైనవి. చాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు జరిగి ఉండరాదు. కొత్త రిజిస్ట్రేషను రుసుము 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది. ఆ పైన పునరుద్ధరణకు 5,000 రూపాయలు. కొత్తగా నమోదయ్యే వాటికి రాష్ట్ర సంకేతం తరువాత "వీఏ" అక్షరాలు వస్తాయి. ఇదివరకే నంబరు ఉన్నవి పాత నంబరునే ఉంచుకోవచ్చును. ర్యాలీలు, ప్రదర్శనలు, సాంకేతిక పరిశోధన, ఇంధనం నింపుకోవడం, మరమ్మతు - వీటికి మాత్రమే రోడ్డు మీదకు తీసుకురావాలి.

ఈ నియమాలు కొన్ని వాహనాలకు రక్షణ ఇచ్చి, కొన్నిటిని బయట వదిలివేసినవి. డీజిలు ఇంజను బిగించిన పాత జీపు, యజమాని అసలు ఇంజను వెదకి తెచ్చి, దానిని పత్రాలలో నమోదు చేయించుకుంటే తప్ప, అర్హత పొందడం కష్టం. సొంత వాడకానికి చెందినవి కాని లారీలు, బస్సులు నిర్వచనంలోకే రావు. 2023 ఏప్రిల్ 1 నుండి ప్రభుత్వాలకు, రవాణా సంస్థలకు చెందిన 15 ఏళ్ళు దాటిన వాహనాల రిజిస్ట్రేషను రద్దయి, అవి తుక్కుకు పోతున్నవి. రేపటి "డెక్కన్ క్వీన్" కాదగిన బస్సును ఎవరైనా ముందుచూపుతో పక్కన పెడితే తప్ప, అది కూడా ఆ వరుసలోనే పోతుంది. 20 నుండి 50 ఏళ్ళ మధ్య వయసున్న సొంత కార్లది మరొక అవస్థ. అవి కొత్తవి కావు, చట్టం దృష్టిలో వింటేజి కావు. 20 ఏళ్ళు దాటిన కారు రిజిస్ట్రేషను పునరుద్ధరణ రుసుము 2025 ఆగస్టులో 10,000 రూపాయలకు పెరిగినది. 2014లో తయారీ నిలిచిపోయిన అంబాసిడర్లు, అంతకు ముందే నిలిచిపోయిన ప్రీమియర్ పద్మినిలలో చాలావరకు ఈ మధ్యకాలానివే.

ఇంధనం

2000 ఫిబ్రవరి నుండి దేశమంతటా సీసం లేని పెట్రోలు మాత్రమే అమ్ముతున్నారు. పూర్వపు ఇంజన్లలో వాల్వు కూర్చునే చోటును అరిగిపోకుండా కాపాడినది సీసమే. కాబట్టి ఆ చోట గట్టి ఉక్కు వలయాలు వేయించవలసి వస్తున్నది. 2025 నాటికి పెట్రోలులో ఇథనాలు పాలు 20 శాతానికి చేరినది. ఇథనాలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాత రకం రబ్బరు గొట్టాలను, కార్బొరేటరులోని కార్కును, ట్యాంకు లోపలి పూతను తినివేస్తుంది. నెలల తరబడి కదలని బండికి ఈ నష్టం ఎక్కువ. ట్యాంకు ఖాళీ చేసి ఉంచడం, గొట్టాలను ఇథనాలుకు తట్టుకొనే కొత్త రకంతో మార్చడం ఇప్పుడు అందరూ చేస్తున్న పని.

చూడదగిన చోట్లు

చౌమహల్లా ప్యాలెస్‌తో పాటు, 2000లో పురానీ హవేలీలో తెరచిన నిజాం మ్యూజియంలో 1930 నాటి రోల్స్ రాయిస్, ప్యాకార్డ్, జాగ్వార్ మార్క్ 5 కార్లు ఉన్నవి. నెహ్రూ జంతుప్రదర్శనశాలకు సమీపాన బహదూర్‌పురాలో కె. సుధాకర్ 2010లో ప్రారంభించిన సుధా కార్ మ్యూజియం వేరే కోవకు చెందినది. అందులోని క్రికెట్ బ్యాటు, బర్గరు మొదలగు ఆకారాల కార్లు పాతవి కావు, చేతితో కట్టినవి. 2005లో ఆయన నడిపిన 41 అడుగుల 7 అంగుళాల ఎత్తున్న మూడు చక్రాల సైకిలు గిన్నిస్ రికార్డులకెక్కినది. పునరుద్ధరణ కాకపోయినా, రేకును, గొట్టాన్ని చేతితో వంచి బండిని కట్టే హైదరాబాదు పనితనం ఎటువంటిదో తెలుసుకోదలచిన విద్యార్థులు దీనిని చూడవచ్చును.